మాట రాకముందే చెవి పని మొదలవుతుంది

కోనసీమలో రెండేళ్లు దాటినా పిల్లాడికి మాటలు రాకపోతే ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడనివ్వరు. "మగపిల్లలకి ఆలస్యమేలే, వాళ్ల నాన్నకీ అంతే" అంటారు. వసకొమ్ము కాల్చి, సాన మీద అరగదీసి నాలుకకు రాస్తారు. చెవుడేమో అని ఎవరైనా అంటే వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టి చూస్తారు. పిల్లాడు తిరిగాడు, ఇక అనుమానం లేదు! కానీ పళ్లెం మోత వినబడ్డ చెవికి 'స', 'శ' లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. చివరికి పంటు మీద గోదావరి దాటి, బస్సెక్కి కాకినాడ ఆసుపత్రికి వెళ్లేసరికి బిడ్డకు నాలుగేళ్లు.

మాట నాలుకది కాదని వైద్యానికి తెలిసి చాలాకాలమైంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. అడిగింది చాలావరకు అర్థమయ్యేది, నాలుకా కదిలేది. చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు మెదడులోనే మరో చోటు చూపించాడు. అక్కడ దెబ్బ తగిలితే మాటలు ధారగా వస్తాయి, అర్థం మాత్రం ఉండదు.

పసిబిడ్డల సంగతి తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. రెండేళ్ల నుంచి యుక్తవయసు దాకా భాషకు అదను అని 1967లో ఎరిక్ లెనెబర్గ్ అనే భాషా పరిశోధకుడు వాదించాడు. ఆ అదను ఇంకా ముందే మొదలవుతుందని తర్వాత బయటపడింది. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లిష్ ఇళ్లలోని పసివాళ్లకు హిందీలోని 'త', 'ట' ధ్వనులు వినిపించారు. ఆరేడు నెలల పిల్లలు తేడా పట్టేశారు. ఏడాది నిండేసరికి చాలామందికి ఆ తేడా తెలియలేదు, ఎందుకంటే ఇంట్లో అది ఎప్పుడూ వినలేదు. మన పిల్లలకు 'తాత' వేరు, 'టాటా' వేరు అని చెవిలో స్థిరపడేది కూడా ఆ నెలల్లోనే. నోరు విప్పకముందే ఇంత పని జరుగుతోంది!

వినికిడి లోపంతో పుట్టిన బిడ్డ పోగొట్టుకునేది సరిగ్గా ఆ ఏడాదినే. ఆరు నెలల్లోపు లోపం బయటపడిన పిల్లలకు భాష మెరుగ్గా వచ్చిందని 1998లో అమెరికాలోని కొలరాడో అధ్యయనం చూపింది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అన్న లెక్క ఇప్పుడు వైద్యులు పాటించేది. సైగల భాష నేర్పినా మంచిదే. దాన్నీ మెదడు ఎక్కువగా ఎడమవైపే చూసుకుంటుంది.

మేనరికాల్లో పుట్టుచెవుడు ముప్పు ఎక్కువ. మన దగ్గర అవి పూర్తిగా పోలేదు కాబట్టి ఈ జాగ్రత్త మనకు ఇంకా అవసరం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వం పిల్లల్లో పరీక్షించే లోపాల్లో పుట్టుచెవుడు కూడా ఉంది. పరీక్షంటే టెన్షన్ పడక్కర్లేదు. బిడ్డ నిద్రలో ఉండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి చూస్తారు, నొప్పి ఉండదు. బాలింతను ఇంటికి పంపేముందే అది చేశారా అని అడగండి. చేయలేదంటే టీకాలకు వెళ్లినప్పుడు ఏఎన్ఎంను అడగండి. బిడ్డకు ఇప్పటికే మూడేళ్లు వచ్చాయా? అయినా ఈ వారమే తీసుకెళ్లండి.