సర్వర్ స్లో అనే ముందు: అపోహలు, వాస్తవాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ మొదలైతే చాలు, అడ్తి దుకాణాల నుంచి ఫోన్లు: "అన్నా, సర్వర్ స్లో ఉంది, బిల్లు వస్తలేదు." చాలాసార్లు అడ్డం పడేది దుకాణంలో ఉన్న రూటరే.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వచ్చింది, ఇక తప్పు సర్వర్‌దే.
వాస్తవం: సీసీ కెమెరాల ఫుటేజీ క్లౌడ్‌కి ఎక్కుతూ అప్‌లోడ్ నిండిపోతే రూటర్ ప్యాకెట్లన్నిటినీ (డేటా ముక్కల్ని) క్యూలో పెడుతుంది, మీ చిన్న బిల్లు కూడా ఆ క్యూ వెనకే ఆగాలి. కెమెరాలు నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి పింగ్ కొట్టి (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూసే పరీక్ష) చూడండి. తేడా బాగా ఉంటే రూటర్‌లో అప్‌లోడ్ లిమిట్‌ను లైన్ స్పీడ్ కంటే కాస్త తగ్గించి పెట్టండి.

అపోహ: పింగ్ వస్తోందంటే దారి బాగున్నట్టే.
వాస్తవం: మామూలు పింగ్ ప్యాకెట్ చాలా చిన్నది. లాగిన్ పేజీ టక్కున వచ్చి, పెద్ద రిపోర్టు తీయగానే తిరుగుతూనే ఉంటే నేను ముందు ఎంటీయూ, అంటే ఒక్కసారికి పట్టే అతిపెద్ద ప్యాకెట్ సైజు, చూస్తాను. ఈథర్‌నెట్‌లో మామూలుగా 1500 బైట్లు, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్‌లో 8 బైట్లు దాని హెడర్‌కే పోయి 1492 మిగులుతాయి. పెద్ద ప్యాకెట్ పట్టదని చెప్పే ఐసీఎంపీ (నెట్‌వర్క్ తప్పుల్ని తెలియజేసే పద్ధతి) సందేశాన్ని మధ్యలో ఏ ఫైర్‌వాలో ఆపేస్తే పంపినవాడికి ఆ సంగతే తెలియదు, మళ్లీ మళ్లీ అదే సైజు పంపుతుంటాడు. విండోస్‌లో ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1464 సైజు పింగ్ కొట్టండి (28 బైట్ల హెడర్లు కలిపితే 1492). అది పోకపోతే సైజు తగ్గిస్తూ పోండి, ఏ సైజు దాటి వెళ్లిందో దానికి 28 కలిపి రూటర్‌లో ఎంటీయూగా పెట్టండి.

అపోహ: ట్రేస్‌రూట్‌లో (సర్వర్ దాకా దారిలో ఉన్న రూటర్లను వరసగా చూపే పరీక్ష) మధ్యలో జవాబు బదులు చుక్కలు వచ్చాయంటే అక్కడే తెగింది.
వాస్తవం: చాలా రూటర్లు ఆ జవాబులకు ప్రాధాన్యం ఇవ్వవు. చివరి హాప్ (దారిలో ఆఖరి మజిలీ) బాగుంటే వదిలేయండి.

అపోహ: రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే సమస్య పోయింది.
వాస్తవం: రేపు మళ్లీ వస్తుంది, కారణం కూడా చెరిగిపోతుంది. ఆపే ముందు లాగ్ (రూటర్ రాసి పెట్టుకున్న రికార్డు) చూడండి, పోర్టు ఎంత స్పీడ్‌లో ఉందో చూడండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతలూ కావాలి, క్రింపింగ్‌లో (కేబుల్ చివర కనెక్టర్ బిగించడంలో) ఒక జత వదులైతే లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు. నాకు ఇది చాలా చికాకు, ఎందుకంటే పది రూపాయల కనెక్టర్ మార్చకుండా కొత్త రూటర్ కొనిపిస్తున్నారు.

ఇవన్నీ చూశాక కూడా స్లో ఉంటే సర్వర్ వాళ్లకు రాయండి, కానీ ఏ టైమ్‌కు అయిందో, మీ రూటర్‌కు పింగ్ ఎంతో, వాళ్ల సర్వర్‌కు ఎంతో పక్కపక్కన పెట్టి రాయండి.