చిరుత బరువెంత? ముందు తూచిందెవరో చెప్పండి

మన దగ్గర బోనులో చిరుత పడితే చాలు, మర్నాటి వార్తల్లో అది "భారీ చిరుత" అయిపోతుంది. చువ్వల వెనక పళ్లు బయటపెట్టి గుర్రుమంటుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి. అసలు చిరుత ఎంత ఉంటుందంటే మాత్రం, ఎక్కడి చిరుత అని ఎదురు అడగాలి.

దక్షిణాఫ్రికానే చూడండి. క్రూగర్ పార్కు వైపు ఎదిగిన మగ చిరుత 60 కిలోల దరిదాపుల్లో తూగుతుంది. అదే దేశంలో కేప్‌టౌన్‌కి ఉత్తరాన ఉన్న సెడర్‌బర్గ్ కొండల్లో మగది 35 కిలోలకు అటూ ఇటూ, ఆడది 20 కిలోల పైచిలుకు, అంతే. అలాగని ఇవి వేరే జాతేమీ కాదు, 2017 నాటి వర్గీకరణలో ఆఫ్రికా చిరుతలన్నీ ఒకే ఉపజాతి. క్రూగర్‌లో ఇంపాలా జింకలు మందలు మందలుగా దొరుకుతాయి, కొండల్లోనేమో కుందేలంత ఉండే డస్సీలనే బొచ్చు జంతువులు, పది పన్నెండు కిలోల క్లిప్‌స్ప్రింగర్ అనే చిన్న జింకలు. దొరికే తిండిని బట్టే ఒళ్లు అన్నది ఎక్కువమంది చెప్పే కారణం. చలి ప్రాంతాల్లో జంతువులు పెద్దవిగా ఉంటాయనే సూత్రం ఒకటుంది గానీ, మంచులో తిరిగే రష్యా ఆముర్ చిరుత క్రూగర్ మగదాని కంటే చిన్నదే.

ఇక కొలతల తిప్పలు. తెల్లదొరల వేట రోజుల్లో కొందరు చచ్చిన జంతువుని చాపి పడుకోబెట్టి, ముక్కు దగ్గర ఒక మేకు, తోక చివర ఒక మేకు కొట్టి మధ్య దూరం కొలిచేవారు. ఇంకొందరు టేపుని తల మీంచి, వీపు వంపుల మీంచి తోక దాకా పాకించేవారు. అదే చిరుత, రెండో పద్ధతిలో కొన్ని అంగుళాలు పెరిగిపోతుంది! ఒలిచిన తోలుని లాగి కొలిచిన ఘనులూ ఉన్నారు. పైగా పెద్దదాన్ని కొడితేనే గొప్ప కాబట్టి రికార్డులకెక్కినవన్నీ పెద్దవే.

ఇప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కాటా వేస్తున్నారు, అయినా టెన్షన్ తప్పదు. బోనులో ఎర మేకని సగం తినేసిన చిరుతని తూస్తే పొట్టలో మాంసం బరువూ అందులోనే కలుస్తుంది. ఇంకా ఎదుగుతున్న కుర్ర మగదాన్ని పెద్దవాటి లెక్కలో కలిపినా, ఆడా మగా కలిపి సగటు తీసినా అంకె చెడుతుంది. చాలాచోట్ల తూచినవి పట్టుమని పది కూడా ఉండవు.

అయినా సరే, క్రూగర్ మగదానికీ సెడర్‌బర్గ్ మగదానికీ మధ్య ఉన్న 25 కిలోల తేడా ఎంత మేకని మింగినా పూడేది కాదు.