కూజా బ్యాండు విడిపోయాక

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో అడిగారు కదా, "బ్యాండు విడిపోతే అందులోవాళ్లు తర్వాత ఏం చేస్తారు తాతయ్యా?" అని. మీకిష్టమైన బృందం విడిపోయిందన్న దిగులు మీ గొంతుల్లో తెలిసింది. ఆ పూటకి ఏదో సర్దిచెప్పాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకని నాకెంతో ఇష్టమైన ఒక బ్లూస్ (అమెరికా నల్లవారి జానపద పాటల బాణీ) కళాకారుడి సంగతి రాస్తున్నాను. ఆయన పేరు గస్ కానన్.

1883లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో రెడ్ బ్యాంక్స్ అనే చోట పుట్టాడు. ఆ దేశంలో నల్లవారి బానిసత్వం రద్దై అప్పటికి 18 ఏళ్లే. తన తొలి బాంజోను, అంటే తీగలు మీటి వాయించే వాయిద్యాన్ని, చిన్నతనంలో తనే చేసుకున్నాడట, వంటింటి పెనానికి రకూన్ అనే జంతువు తోలు బిగించి. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికావాళ్ల జ్ఞాపకాల్లోంచి పుట్టిన వాయిద్యమే బాంజో. ఇల్లు విడిచి వెళ్లి, రంపపు మిల్లుల దగ్గరా రైలు పట్టాలు వేసే కూలీల గుడారాల దగ్గరా వాయించాడు. తర్వాత చాలా ఏళ్లు మందులమ్మేవాళ్లతో ఊరూరా తిరిగాడు. జనం పోగవడానికి ముందు పాట, పోగయ్యాక మందుల అమ్మకం. మన సంతల్లో మూలికలవాళ్లు చేసేదీ అదేగా!

1928లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో కానన్ బృందం విక్టర్ అనే రికార్డుల కంపెనీకి రికార్డులివ్వడం మొదలుపెట్టింది. బృందం పేరు కానన్స్ జగ్ స్టాంపర్స్. జగ్ అంటే ఇక్కడ సారా పోసుకునే మట్టికూజా. మన ఘటాన్ని చేతులతో వాయిస్తారు కదా, వీళ్లు కూజాను నోటితో పలికించేవాళ్లు. సీసా మూతి మీద ఊదితే వచ్చే ఈల కాదది. కూజా మూతికి కాస్త దూరంలో నోరుంచి, బాకా ఊదేవాడిలా పెదవులు అదిరిస్తే, ఆ చప్పుడు లోపలి ఖాళీలో పెద్దదై "బుమ్ బుమ్" మని బయటికొస్తుంది. పెద్ద వాయిద్యం కొనే స్తోమత లేనివాళ్లకు మంద్రస్వరం అలా దొరికింది. కానన్ కూజాను ఒక పట్టీతో మెడకు తగిలించుకుని, చేతులతో బాంజో మీటుతూనే ఊదేవాడు. ఇంట్లో చేసి చూడండి, అమ్మ ఒప్పుకుంటేనే.

ఆయన పక్కన నోవా లూయిస్ అని మౌతార్గాన్ వాయించేవాడు. రెండు మౌతార్గాన్లు ఒకేసారి పలికించేవాడట, ఒకటి నోటితో, ఇంకొకటి ముక్కుతో! ఆ గారడీ అలా ఉంచండి, మామూలుగా వాయించినప్పుడు కూడా అతని వాయిద్యంలో ఒక ఏడుపు ఉంటుంది. నాకు ఆ రికార్డుల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

1929లో అమెరికాను ఆర్థిక మాంద్యం ముంచేసింది. తిండికే లేనప్పుడు రికార్డులెవరు కొంటారు? 1930 నవంబరు తర్వాత ఆ బృందం రికార్డులు ఆగిపోయాయి. కూజా బ్యాండుల మోజూ తగ్గిపోయింది. అప్పటికి కానన్‌కు 47 ఏళ్లు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు మెంఫిస్‌లోనే తోటపనులూ దొరికిన కూలిపనులూ చేసుకుని బతికాడు. 1956లో శామ్ చార్టర్స్ అనే పరిశోధకుడు వెతుక్కుంటూ వచ్చి కొన్ని పాటలు రికార్డు చేసుకువెళ్లాడు. దానివల్ల బతుకేమీ మారలేదు.

తన బృందం కోసం కానన్ 1929లో "వాక్ రైట్ ఇన్" అనే పాట చేశాడు. "నేరుగా లోపలికొచ్చెయ్" అని ఆ మాటకు అర్థం. రూఫ్‌టాప్ సింగర్స్ అనే ముగ్గురి కొత్త బృందం దాన్ని మళ్లీ పాడితే, 1963 జనవరిలో అమెరికాలో ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దేశమంతా రేడియోల్లో అదే పాట. దాన్ని కట్టిన మనిషికి అప్పుడు 79 ఏళ్లు. అంతకుముందు చలికాలంలోనే ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చు కోసం బాంజోను తాకట్టు పెట్టుకున్నాడని చెబుతారు. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది.

ఆ పాట పుణ్యమా అని పిలుపొచ్చింది. పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకున్న స్టాక్స్ అనే మెంఫిస్ రికార్డుల కంపెనీ అదే ఏడాది ఆయన చేత ఒక ఆల్బమ్ చేయించింది. కుర్రకారు సోల్ అనే కొత్త తరం నల్లవారి బాణీలో పాటలు పాడే ఆ చోటికి ఈ పెద్దాయన బాంజోతో వెళ్లాడు. తోడుగా ఒకనాటి పోటీ బృందం మెంఫిస్ జగ్ బ్యాండ్ నాయకుడు విల్ షేడ్ వచ్చి కూజా ఊదాడు. బట్టలుతికే గరుకుపలక మీద తాళం వేయడానికి ఇంకొకాయన.

నోవా లూయిస్ మాత్రం లేడు. మంచు దెబ్బకు కాళ్లు కుళ్లి 1961లోనే పోయాడు, బీదగానే. రెండేళ్లు ఆగి ఉంటే తమ పాత పాట రేడియోలో వినేవాడు.

కానన్ 1979 దాకా బతికాడు. 96 ఏళ్లు.

సెలవులకు వచ్చినప్పుడు మీకు 1929 రికార్డు ముందు వినిపిస్తాను, 1963లో ఆయన చేసిన ఆల్బమ్ తర్వాత. మొదటిదాంట్లో గరగర ఎక్కువ, చెవి దగ్గర పెట్టుకుని వినాలి.

మీ
తాతయ్య