వారసత్వ కట్టడాలకు డిజిటల్ ట్విన్: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల పరిరక్షణకు సంబంధించి ఇప్పుడు మా ముందుకు వచ్చే ప్రతిపాదనల్లో డిజిటల్ ట్విన్ ప్రస్తావన లేనివి అరుదు. డిజిటల్ ట్విన్ అంటే కట్టడంలో వచ్చే మార్పులను ఎప్పటికప్పుడు అందుకుంటూ, దాని విషయంలో ఏం చేయాలో తిరిగి చెప్పే కంప్యూటర్ నమూనా. ఈ సాంకేతికత నిజంగా ఉపయోగపడేదే. అయితే దాని పేరుతో కొనేదానికీ, కట్టడానికి అవసరమైనదానికీ మధ్య చాలాసార్లు పొంతన కుదరదు. తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిద్దాం.

అపోహ: లేజర్ స్కాన్ చేయించి త్రీడీ నమూనా తయారు చేసుకుంటే డిజిటల్ ట్విన్ సిద్ధమైనట్లే.

వాస్తవం: స్కాన్ చేసిన రోజున కట్టడం ఏ ఆకారంలో ఉందో కొద్ది మిల్లీమీటర్ల తేడాతో పాయింట్ క్లౌడ్‌లో, అంటే లేజర్ కొలిచిన లెక్కలేనన్ని బిందువుల సమూహంలో నమోదవుతుంది కానీ, మర్నాటి నుంచి జరిగే మార్పులేవీ అందులో ఉండవు. దానికి రాతి రకం, గోడ లోపలి పొరలు, పూర్వపు మరమ్మతుల వివరాలు చేర్చితే అది హెచ్‌బిమ్ అవుతుంది. పరిశోధకులు 2009 నుంచి వాడుతున్న ఈ పేరు వారసత్వ కట్టడాల సమాచార నమూనాకు చెందినది. అమెరికన్ పరిశోధకుడు మైకేల్ గ్రీవ్స్ 2002లో తయారీ పరిశ్రమ కోసం ట్విన్ ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడే, వస్తువు నుంచి నమూనాకు సమాచారం వెళ్లడంతో పాటు నమూనా నుంచి వస్తువుకు తిరిగి రావడం కూడా అందులో భాగంగా ఉంది. ఆ రెండో దారి లేని నమూనాలే ఎక్కువగా ట్విన్ పేరుతో అమ్ముడవుతున్నాయి.

రెండో దారి ఎలా ఉంటుందో చైనాలోని మొగావ్ గుహల్లో చూడవచ్చు. అక్కడి కుడ్యచిత్రాల వెనుక గోడలో ఉన్న లవణాలు, గాలిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగలిగే తేమలో ఎంత శాతం ఉందో చెప్పే కొలత) సుమారు 62 శాతం దాటితే తేమను పీల్చుకుని కరుగుతాయని అమెరికాలోని గెట్టీ పరిరక్షణ సంస్థ, ఆ గుహల నిర్వహణ చూసే దున్‌హువాంగ్ అకాడమీ కలిసి చేసిన పరిశోధనలో తేలింది. తేమ తగ్గినప్పుడు అవి తిరిగి స్ఫటికాలుగా గట్టిపడి, రంగుల పొరను వెనుక నుంచి నెడతాయి. ఈ కరగడం, గట్టిపడడం పదేపదే జరిగితే పూత పెచ్చులుగా రాలుతుంది. అందుకే అక్కడ ఆర్ద్రత ఆ హద్దు దాటినప్పుడు గుహలోకి సందర్శకులను అనుమతించరు. తెర మీది అంకెను బట్టి తలుపు మూసే ఏర్పాటు ఉండడమే ఇక్కడ కీలకం. ఎంత అందమైన త్రీడీ బొమ్మయినా ఆ పని చేయలేదు.

అపోహ: సెన్సర్లు ఎన్ని ఎక్కువుంటే కట్టడం అంత క్షేమం.

వాస్తవం: ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకున్న తర్వాతే సెన్సర్ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పగులునే తీసుకుందాం. ఎండకు గోడ వ్యాకోచించినప్పుడు పగులు సన్నబడడం, చలికి వెడల్పవడం సాధారణం. కనుక పగులుకు అడ్డంగా బిగించిన కొలమానం పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్ లేకపోతే వచ్చిన అంకెలకు అర్థం చెప్పలేం. కనీసం ఒక పూర్తి సంవత్సరం గడిచాక, ఋతువుల వల్ల వచ్చిన కదలికను తీసివేసి చూస్తే, పగులు మొదటి స్థితికి వచ్చిందా, కొంత తెరుచుకునే ఉండిపోయిందా అన్నది బయటపడుతుంది. ప్రమాద సూచన ఆ మిగిలిన కొంతలోనే ఉంటుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ ప్రధాన చర్చికి బ్రునెల్లెస్కీ కట్టిన, 1436లో పూర్తయిన గుమ్మటంలోని పగుళ్లు ఋతువులతో పాటు కదులుతుంటాయి. వాటిని 1980ల చివరి నుంచి పరికరాలతో గమనిస్తున్నారు. ట్విన్ అన్న పేరు ప్రచారంలోకి రాకముందే అసలు పని అక్కడ మొదలైందన్నమాట.

సెన్సర్ బిగించే పని కూడా కట్టడం మీద జోక్యమే. మేకు తప్పనిసరైతే రాతిలోకి కాకుండా, మళ్లీ పూడ్చగలిగే సున్నపు అతుకులోకి దించాలి.

అపోహ: ట్విన్ ఉంటే నిపుణులు స్వయంగా వెళ్లి చూడవలసిన అవసరం తగ్గుతుంది.

వాస్తవం: ఎక్కడ చూడాలో ట్విన్ చెప్పగలదు, చూడవలసింది మనిషే. కొయ్య సుత్తితో గచ్చును తట్టి, డొల్లగా మోగే చోటును పట్టుకునే మేస్త్రీ ఇచ్చే సమాచారం చాలా సెన్సర్ల దగ్గర ఉండదు. ఆ పరిశీలనను తేదీతో సహా నమూనాలో అదే చోట నమోదు చేయగలిగితే ట్విన్ విలువ పెరుగుతుంది.

అపోహ: డిజిటల్ నకలు ఉంటే అసలు కట్టడం పోయినా తిరిగి కట్టుకోవచ్చు.

వాస్తవం: పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో లేజర్‌తో స్కాన్ చేశారు. 2019 ఏప్రిల్ 15న జరిగిన అగ్నిప్రమాదం తర్వాత, అప్పటికే ఉన్న స్కాన్లు పునరుద్ధరణకు ఎంతో తోడ్పడ్డాయి. అయినా ఓక్ దూలాలను గొడ్డళ్లతో చెక్కగల వడ్రంగులు లేకపోతే పైకప్పు పాత పద్ధతిలో తిరిగి లేచేది కాదు. ఆ చర్చి 2024 డిసెంబరులో తెరుచుకుంది. కాలిపోయిన మధ్యయుగపు కలప మాత్రం తిరిగి రాలేదు. స్కాన్‌లో దొరకని భాగాన్ని ఊహతో పూరిస్తే, అది ఊహేనని నమూనాలో స్పష్టంగా గుర్తించాలి. పునరుద్ధరణ ఊహ మొదలయ్యే చోట ఆగాలని పరిరక్షణ సూత్రాలను నిర్దేశించిన అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్ కట్టడాల గురించి చెప్పిన మాట నమూనాలకూ వర్తిస్తుందని నా అభిప్రాయం.

అపోహ: ఒకసారి ఖర్చు పెడితే చాలు.

వాస్తవం: బ్యాటరీలు అయిపోతాయి, సెన్సర్ల కొలత క్రమంగా తప్పుతుంది, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గడువు ముగుస్తుంది. కట్టడం ఆయుష్షు శతాబ్దాలు, ఫైల్ ఫార్మాట్ ఆయుష్షు కొన్నేళ్లే. అందుచేత పాయింట్ క్లౌడ్‌ను ఈ57లోనూ, నమూనాను ఐఎఫ్‌సిలోనూ, అంటే ఏ ఒక్క కంపెనీకీ చెందని ఫార్మాట్లలో అప్పగించాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. దానితో పాటు ఏ కొలత ఏ హద్దు దాటితే హెచ్చరిక ఎవరికి వెళ్లాలి, వారు ఎంతసేపట్లో ఏం చేయాలి అన్నది ఒక పేజీలో రాసి, ఆ బాధ్యత తీసుకునే ఉద్యోగి చేత సంతకం చేయించాలి. ఆ పేజీ సిద్ధం కానంతవరకు సెన్సర్ల కొనుగోలును వాయిదా వేయమనే మేము సలహా ఇస్తాం.