కమకురా యాత్ర: మనవాళ్లు నమ్మే అపోహలు, అక్కడి వాస్తవాలు

యోకోహామాలో ఉంటూ తెలుగు కుటుంబాలకు జపాన్ చూపించడం నా పని. నెలకు మూడు నాలుగు సార్లయినా కమకురా వెళ్తాను. టోక్యోలో యోకొసుకా లైన్ రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. మూడు వైపులా కొండలు, దక్షిణాన సముద్రం, మధ్యలో లక్షా డెబ్భై వేల మంది కాపురముండే ఊరు. ఎనిమిది వందల ఏళ్ల క్రితం సమురాయ్‌ల ప్రభుత్వం ఇక్కడి నుంచే నడిచింది. ఇంత మంచి ఊరి గురించి వీడియోల్లో, వాట్సాప్‌లో తిరిగే తప్పుడు మాటలు నమ్మి, సరిగ్గా చూడకుండానే వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కమకురా అంటే పెద్ద బుద్ధుడి విగ్రహమే, సగం పూట చాలు.

నాకు వచ్చే ప్లాన్లలో సగం ఇలాగే ఉంటాయి: ఉదయం హకోనే, సాయంత్రం నాలుగింటికి కమకురా, రాత్రికి టోక్యో. నాలుగింటికి వస్తే మీరు చూసేది మూసేస్తున్న తలుపుల్నే. ఇక్కడి గుళ్లు చాలావరకు నాలుగున్నర, ఐదు గంటలకే మూసేస్తారు. బుద్ధుడి విగ్రహం లోపలికి వెళ్లాలంటే నాలుగున్నర లోపే, అంతకన్నా ముందే వెళ్తే ఇంకా మంచిది.

నేను చేసేది ఇదీ. ఉదయం తొమ్మిదికి కమకురా స్టేషన్‌కు ఒక స్టేషన్ ముందే, కిత కమకురాలో దిగుతాం. దిగగానే ఎదురుగా ఎంగాకుజీ. మంగోలుల దండయాత్రలో చనిపోయిన తన సైనికులతో పాటు శత్రు సైనికుల ఆత్మశాంతి కోసం కూడా అప్పటి యోధ పాలకుడు హోజో తోకిమునే 1282లో కట్టించిన జెన్ (ధ్యాన బౌద్ధ శాఖ) మఠం ఇది. అక్కడి నుంచి నడిచి వెళ్తే 1253 నాటి కెంచోజీ. దాని ఆవరణలో ఏడు వందల ఏళ్లు దాటిన జునిపెర్ చెట్లున్నాయి. కాండాలు మెలితిరిగి, బెరడు తాళ్లు పేనినట్టు ఉంటుంది. పెద్దవాళ్లు ఆ చెట్ల దగ్గర నిలబడిపోతారు, నేను తొందరపెట్టను. తర్వాత రోడ్డు వెంట దిగితే హచిమన్‌గూ అనే షింతో (జపాన్ దేశీయ మతం) గుడి, భోజనం, ఎనోదెన్ రైలు, బుద్ధుడు, చివరికి సముద్రం. ఇదంతా కలిపి ఒక రోజు నిండా పడుతుంది.

అపోహ: సునామీ వచ్చి బుద్ధుడి గుడిని ఎత్తుకుపోయింది, విగ్రహం మాత్రం కదల్లేదు.

నేనూ కొన్నేళ్లు ఇదే కథ చెప్పాను. బోర్డుల్లోనూ, గైడ్ పుస్తకాల్లోనూ ఉన్న కథే. 1498 నాటి భూకంపం, సునామీల్లో గుడి కొట్టుకుపోయిందని అంటారు. కానీ అంతకు పన్నెండేళ్ల ముందు, 1486లో, బన్రి షూకు అనే జెన్ సన్యాసి ఇక్కడికి వచ్చి, బుద్ధుడు గుడి లేకుండా ఆరుబయటే కూర్చుని ఉన్నాడని రాసిపెట్టాడు. అంటే సునామీ వచ్చేనాటికి అక్కడ గుడే లేదు. 1334లో, 1369లో పెనుగాలులకు గుడి కూలిన సంగతి పాత గ్రంథాల్లో ఉంది. ఆ తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టలేదన్న మాట. విగ్రహం చుట్టూ జాగ్రత్తగా చూడండి, పాత గుడి స్తంభాల కింది రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఫొటోల హడావిడిలో వాటి మీదే బ్యాగులు పెట్టి వెళ్లిపోతుంటారు.

విగ్రహం కదల్లేదన్న మాటా నిజం కాదు. 1923 నాటి మహా భూకంపంలో పీఠం దెబ్బతిని విగ్రహం జరిగింది. 1960-61లో మెడ భాగాన్ని లోపలి నుంచి బలపరిచి, పీఠానికీ విగ్రహానికీ మధ్య స్టెయిన్‌లెస్ స్టీల్ పలక వేశారు. భూమి కంపిస్తే విగ్రహం విరగకుండా దాని మీద జారేలా చేసిన ఏర్పాటు అది.

ఇంకొన్ని పొరపాట్లు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇది జపాన్‌లో అతి పెద్ద బుద్ధ విగ్రహం కాదు. ఎత్తు సుమారు 11.3 మీటర్లు, పీఠంతో కలిపితే 13 దాటుతుంది, బరువు దాదాపు 121 టన్నులు. నారాలోని కంచు బుద్ధుడు దీనికన్నా పెద్దవాడు. ఇతను గౌతమ బుద్ధుడూ కాదు, మహాయాన బౌద్ధులు కొలిచే మరో బుద్ధుడు అమితాభుడు. ఒడిలో రెండు చేతులూ కలిపి, చూపుడు వేళ్లు వెనక్కి వంచి బొటనవేళ్లకు ఆనించిన ముద్ర చూడండి, జపాన్‌లో అది అమితాభుడి గుర్తు. బౌద్ధం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మన బౌద్ధాచార్యుడు నాగార్జునుడిని ఇక్కడ ర్యూజు అంటారు. జపాన్ బౌద్ధంలోని ఎనిమిది శాఖలకూ మూలపురుషుడని ఆయన పేరు చెబుతారు. ఈ సంగతి చెప్పినప్పుడు నాగార్జునకొండ చూసివచ్చినవాళ్ల ముఖాల్లో వచ్చే మార్పు నాకు చాలా ఇష్టం.

కొద్దిపాటి చిల్లర ఇస్తే విగ్రహం కడుపులోకి వెళ్లనిస్తారు. తప్పకుండా వెళ్లండి. ఇరుకు మెట్లు, చీకటి, వేసవిలో అయితే పొయ్యి పక్కన నిలబడ్డంత వేడి. కళ్లు అలవాటు పడ్డాక గోడల మీద అడ్డంగా, నిలువుగా అతుకులు కనిపిస్తాయి. 1252లో మొదలుపెట్టి కింది నుంచి పైకి అంచెలంచెలుగా పోతపోశారు కదా, ఒక్కో అతుకు ఒక్కో పోత. పైకి చూస్తే తల లోపలి బోలు. బయటికి వచ్చాక కుడి చెంప మీద చూడండి, ఒకప్పటి బంగారు పూత ఛాయ ఇంకా ఉంది.

అపోహ: శాకాహారులకు ఏం భయం లేదు, నూడుల్స్, సూప్ తినేయొచ్చు.

దీని మీద గట్టిగా చెప్పాలి. ఉడోన్, సోబా నూడుల్స్, మిసో సూప్, చివరికి చాలాచోట్ల ఉడికించిన కూరగాయలు కూడా దాషి అనే చారుతోనే చేస్తారు. అది సాధారణంగా ఎండబెట్టిన చేప తురుముతో కాచినది. ముక్క కనిపించదు, వాసన కూడా మనకు వెంటనే తెలియదు. 'వెజిటేరియన్' అంటే తలూపుతారు, వాళ్ల లెక్కలో మాంసం లేకపోతే చాలు. అందుకని ఈ మాట నేర్చుకోండి: 'నికు మో, సకానా మో, సకానా నో దాషి మో తబెరరెమసెన్.' మాంసం, చేప, చేప చారు, ఏదీ తినలేను అని అర్థం. ముందుగా చెప్పి బుక్ చేసుకుంటే బౌద్ధ మఠాల పద్ధతిలో వండే షోజిన్ భోజనం దొరుకుతుంది. కెంచోజీలో పుట్టిందని చెప్పే కెంచిన్ జిరు పులుసు అసలు పద్ధతిలో పూర్తిగా శాకాహారమే: ముల్లంగి, క్యారెట్, టోఫు, నువ్వుల నూనె. బయటి హోటల్లో మాత్రం దాషి కలిపారా అని అడగకుండా తినకండి.

చేపలు తినేవాళ్లకైతే పండగే. షిరాసు అంటే నెత్తళ్ల లాంటి చేపల పిల్లలు. అన్నం మీద పోసి ఇస్తారు. జనవరి మొదలు మార్చి మొదటి వారం దాటే దాకా వేట నిషేధం కాబట్టి, ఆ నెలల్లో తాజా పచ్చి షిరాసు కోసం వెతకొద్దు.

అపోహ: ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర బీచ్‌లో కూర్చుని హాయిగా తినొచ్చు.

గద్దలున్నాయి. ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. యుయిగహమా బీచ్ మీద 'పీ... హ్యొరొరొ' అంటూ గుండ్రంగా తిరుగుతుంటాయి. ఎదురుగా రావు, వెనక నుంచి వస్తాయి. ఒకసారి విశాఖ నుంచి వచ్చిన బామ్మగారు ఫాయిల్ విప్పి మనవడి చేతికి పులిహోర ముద్ద అందించారు. రెక్కల గాలి నా చెంపకు తగిలింది, అంతే. చూసేసరికి పసుపు మెతుకులు ఇసుకలో ఉన్నాయి, పిల్లాడి వేలి మీద గోటి గీత ఎర్రగా ఉంది. కడిగి, మందు రాసి, క్లినిక్‌కు తీసుకెళ్లాం. ఆ రోజు నుంచి నా గ్రూపులో ఎవరినీ బీచ్ మీద తిననివ్వను. తినాలంటే పైకప్పు ఉన్న చోట, గోడకు వీపు ఆనించి కూర్చోండి. చెత్త మీ సంచిలోనే వేసుకోండి, వీధుల్లో చెత్తడబ్బాలు దాదాపు ఉండవు. కొమాచి వీధి రద్దీలో నడుస్తూ తినొద్దని 2019లో ఊరి కౌన్సిల్ నియమం కూడా పెట్టింది. జరిమానా లేకపోయినా, కొన్న కొట్టు ముందే నిలబడి తినేసి కదలడం మర్యాద.

అపోహ: జెనియరాయ్ బెంతెన్ గుడిలో కడిగిన డబ్బు బీరువాలో దాచుకోవాలి.

రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తడిసిన నోటును రుమాలులో ఒత్తుతూ అడిగారు, "అమ్మా, దీన్ని లక్ష్మీదేవి పటం దగ్గర పెట్టేయనా?" దాచకూడదు, మంచి పనికి ఖర్చు పెట్టాలి. అప్పుడే అది పెరిగి తిరిగి వస్తుందని ఇక్కడి నమ్మకం. నోటు మొత్తం ముంచక్కర్లేదు, వెదురు బుట్టలో పెట్టి అంచు మీద నీళ్లు పోస్తే చాలు. గుడికి కొండను తొలిచిన సొరంగం గుండా వెళ్లాలి. స్టేషన్ నుంచి ఇరవై అయిదు నిమిషాల నడక, చివర్లో ఏటవాలు దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టాక్సీ తీసుకోవడం మంచిది.

ఇంతకీ బెంతెన్ అంటే ఎవరో చాలామందికి తెలియదు. బెంజైతెన్, అంటే మన సరస్వతీదేవి. బౌద్ధ సూత్రాలతో పాటు చైనా మీదుగా ఇక్కడికి చేరింది, చేతిలో వీణ బదులు బివా వాద్యం వచ్చింది. నదీ దేవత కాబట్టి ఇక్కడా నీళ్ల దగ్గరే ఉంటుంది: హచిమన్‌గూ చెరువులోని దీవి మీద, ఎనోషిమా ద్వీపంలో. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించిన తల్లులు ఆ చెరువు గట్టున చెప్పకుండానే చేతులు జోడిస్తారు.

చిన్నవి కొన్ని వరసగా. కమకురా యునెస్కో వారసత్వ స్థలం కాదు, ప్రయత్నించి 2013లో దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు. ఇది చక్రవర్తి రాజధానీ కాదు, ఆయన క్యోటోలోనే ఉన్నాడు. మినమోతో నో యోరితోమో అనే సమురాయ్ నాయకుడు ఇక్కడ పెట్టింది యోధుల ప్రభుత్వం, అది 1333 దాకా సాగింది. రెండుసార్లు చప్పట్లు కొట్టి మొక్కేది షింతో గుడిలో మాత్రమే, బౌద్ధ ఆలయంలో చప్పట్లు వద్దు. ఫుజి పర్వతం ఇక్కడి తీరంలోని ఇనమురగసాకి నుంచి చలికాలం ఉదయాల్లో బాగా కనిపిస్తుంది, వేసవిలో దాని మీద ఆశ పెట్టుకోకండి. జేఆర్ పాస్ (జపాన్ రైల్వేస్ టూరిస్టు పాస్) ఎనోదెన్‌లో చెల్లదు. అది 1902లో మొదలైన ప్రైవేటు రైలు, పది కిలోమీటర్లు, పదిహేను స్టేషన్లు, ఒంటి పట్టా. ఊరివాళ్లు బడికీ ఆసుపత్రికీ వెళ్లేదీ అందులోనే. కమకురాకోకోమాయె స్టేషన్ పక్కన ఒక బాస్కెట్‌బాల్ యానిమే వల్ల ప్రసిద్ధమైన రైల్వే గేటు ఉంది. ఫొటో కోసం రోడ్డు మధ్యలో నిలబడకండి, బస్సులూ కార్లూ ఆగిపోతాయి.

అపోహ: సునామీ పాత కథ, టూరిస్టులకు ఆ టెన్షన్ ఎందుకు?

1923లోనూ అలలు ఈ తీరాన్ని తాకాయి. భయపడమని చెప్పడం లేదు, దారి తెలుసుకోమంటున్నాను. ఆ చోటు సముద్రానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో స్తంభాల మీద రాసి ఉంటుంది, అంకెలు మనకూ అర్థమవుతాయి. తీరంలో ఉండగా భూమి గట్టిగా, చాలాసేపు ఊగితే సైరన్ కోసం ఎదురుచూడకుండా, సామాను వదిలేసి కొండ వైపు ఎక్కండి. బుద్ధుడి విగ్రహం ఉన్న హసే ప్రాంతంలో మా గ్రూపుతో ముందే మాట్లాడుకునే చోటు కొండ మీది హసేదేరా గుడి. మామూలు రోజుల్లోనూ అందరినీ ఆ మెట్లు ఎక్కిస్తాను. తొమ్మిది మీటర్లు దాటిన పదకొండు ముఖాల కానోన్ (అవలోకితేశ్వరుడు) చెక్క విగ్రహాన్ని చూసి బయటికి వస్తే వసారా నుంచి ఊరి కప్పులూ, వాటి వెనక యుయిగహమా అలలూ కనిపిస్తాయి. జూన్‌లో అయితే పక్క కొండంతా నీలం అజిసాయ్ (హైడ్రేంజియా) పూలు. పెద్దవాళ్లను అక్కడి బల్ల మీద కూర్చోబెట్టి, 'మనం పొద్దున అటు నుంచి నడిచి వచ్చాం, కష్టమొస్తే ఇటు ఎక్కుతాం' అని వేలితో చూపిస్తాను.