ఓవర్‌క్లాక్ కెర్నల్: మెగాహెర్ట్జ్ మోజు ఎక్కడ మొదలైంది, ఎక్కడికి చేరింది

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు గాజువాక నుంచి ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐదారేళ్ల నాటి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "అన్నయ్యా, రూట్ చేసేశాను. ఇప్పుడు ఓవర్‌క్లాక్ కెర్నల్ వెయ్యాలి. అన్నింటికన్నా ఎక్కువ స్పీడ్ ఇచ్చేది ఏటో చెప్పు" అన్నాడు. రూట్ అంటే ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం, ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం. అచ్చంగా ఇదే ప్రశ్న నేను 2012లో వైజాగ్ మద్దిలపాలెంలో మా సీనియర్‌ని అడిగాను. ప్రశ్న అలాగే ఉంది. దాని కింద ఉన్న లెక్కలు మాత్రం పూర్తిగా మారిపోయాయి. ఆ మార్పు తెలియకపోతే వాడు తప్పు చోట వెతుకుతాడు. అందుకని వాడికి చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్‌లోని హార్డ్‌వేర్‌కీ యాప్‌లకీ మధ్య పనులు పంచే పొర కెర్నల్. ఆండ్రాయిడ్‌లో అది లినక్స్. ప్రాసెసర్ ఏయే వేగాల మీద నడవొచ్చు (వీటిని మెగాహెర్ట్జ్‌లో కొలుస్తారు), ఒక్కో వేగానికి ఎంత వోల్టేజీ ఇవ్వాలి అనే పట్టిక పాత ఫోన్లలో కెర్నల్ సోర్స్‌లోనే, అంటే దాని మూల కోడ్‌లోనే ఉండేది. ఆ పట్టికకి పైన ఒకటి రెండు వరుసలు చేర్చి మళ్లీ కంపైల్ చేస్తే (ఫోన్‌కి ఎక్కే ఫైల్‌గా మారిస్తే) అదే ఓవర్‌క్లాక్ కెర్నల్. అంతకు మించి అందులో మాయ లేదు.

ఇది తొలి ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే మొదలైంది. 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన హెచ్‌టీసీ డ్రీమ్‌లో ఉన్నది 528 మెగాహెర్ట్జ్ చిప్. కంపెనీ దాన్ని 384 దగ్గర నడిపింది. ఆ ఫోన్‌లో ఒక విచిత్రమైన బగ్ ఉండేది. కీబోర్డ్ మీద కొట్టిన ప్రతి అక్షరం లోపల రూట్ అధికారాలతో నడుస్తున్న షెల్‌కి (ఆదేశాలు తీసుకుని అమలు చేసే ప్రోగ్రామ్‌కి) కూడా వెళ్లేది. ఎవరికో మెసేజ్‌లో 'రీబూట్' అని ఇంగ్లీషులో టైప్ చేస్తే ఫోన్ నిజంగానే రీబూట్ అయిపోయేది. రూట్ అలా దొరికింది. తర్వాత వచ్చిన కస్టమ్ రోమ్‌లు, అంటే అభిమానులు మార్చి తయారుచేసిన ఆండ్రాయిడ్‌లు, చిప్‌ని 528కి తీసుకెళ్లాయి. అంటే మొదట్లో ఓవర్‌క్లాక్ పేరుతో జరిగింది చిప్‌కి ఉన్న వేగాన్ని దానికి తిరిగి ఇవ్వడమే. ఏడాది తర్వాత మోటరోలా డ్రాయిడ్ 550 మెగాహెర్ట్జ్‌తో వస్తే దాన్ని జనం 1 గిగాహెర్ట్జ్ (1000 మెగాహెర్ట్జ్) దాకా లాగారు. ఆ రోజుల్లో వాడినవాళ్లకి ఆ తేడా చేతికి తెలిసేది. మెనూ తెరుచుకునే తీరే మారిపోయేది. మోజు ఊరికే పుట్టలేదు.

మన దగ్గరికి ఈ గాలి 2011, 2012లో వచ్చింది. శాంసంగ్ గెలాక్సీ వై, గెలాక్సీ ఏస్ లాంటి చిన్న ఫోన్లు హాస్టళ్ల నిండా ఉండేవి. గెలాక్సీ వైలో 832 మెగాహెర్ట్జ్ సింగిల్ కోర్, 3 అంగుళాల తెర. రెండు యాప్‌లు తెరిస్తే హ్యాంగ్.

ఇక్కడ తెలుగువాళ్లకి సంబంధించిన ముక్క ఒకటుంది, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మాలో చాలామంది ఫోన్ రూట్ చేసింది వేగం కోసం కాదు, తెలుగు అక్షరాల కోసం. ఆండ్రాయిడ్ 2.3 ఉన్న చాలా ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి. ఒపేరా మినీలో లోపలి సెట్టింగ్ ఒకటి మార్చుకుంటే అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. అది బ్రౌజర్‌కే పరిమితం. మెసేజ్‌లో తెలుగు చదవాలంటే సిస్టమ్ ఫోల్డర్‌లో ఫాంట్ ఫైల్ మార్చాలి, దానికి రూట్ కావాలి. ఫాంట్ పెట్టినా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడేవి, అయినా డబ్బాల కన్నా నయం. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు అధికారికంగా చేరింది. అప్పటికే ఫోన్ తెరిచేశాం కదా, ఇంకేం చేయొచ్చు అని చూస్తే తర్వాతి మెట్టు కెర్నల్. అమ్మ పంపే మెసేజ్ చదువుకోవాలని మొదలుపెట్టి, చివరికి మెగాహెర్ట్జ్ పందెంలో పడ్డాం.

పందెం అన్నది పెద్ద మాట కాదు. ఒకడు 1 గిగాహెర్ట్జ్ దాటించాడంటే మిగతావాళ్లం ఆ రాత్రి నిద్రపోయేవాళ్లం కాదు. రోమ్‌లు నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవాళ్లం. నా ఫోన్ రెండుసార్లు బూట్‌లూప్‌లో పడింది, అంటే పూర్తిగా తెరుచుకోకుండా మళ్లీ మళ్లీ మొదలవుతూనే ఉంది. మూడోసారి అసలు వెలగలేదు. జగదాంబ దగ్గర ఒక షాపులో చూపిస్తే అతను పక్కన పెట్టేసి, "బోర్డు పోయింది, వదిలెయ్ బాబూ" అన్నాడు. అంతకు ముందు నెల రోజులుగా ఆ ఫోన్‌ని పరిమితికి మించి నడిపాను. బోర్డు పోవడానికి కారణం అదేనని నిరూపించలేను గానీ, నా అనుమానం ఇప్పటికీ దాని మీదే.

ఆ కాలంలో చాలామందిని ముంచిన ఇంకో ఉచ్చు మోడల్ నంబర్. గెలాక్సీ ఏస్ ఎస్5830, ఎస్5830ఐ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో క్వాల్‌కామ్ చిప్, రెండోదానిలో బ్రాడ్‌కామ్ చిప్. చివర ఉన్న ఆ ఒక్క అక్షరం చూసుకోకుండా ఒకదాని కెర్నల్ రెండోదానికి వేస్తే ఫోన్ లేవదు. నేటికీ కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే. పెట్టె మీద ఉన్న పేరు చూస్తారు, ఆ మోడల్‌కి కంపెనీ లోపల పెట్టుకున్న కోడ్‌నేమ్ చూడరు.

ఇక వేడి సంగతి. చిప్ పనిచేసేటప్పుడు తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గంలో పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచి, అది తట్టుకోవడానికి వోల్టేజీ 10 శాతం పెంచామనుకోండి. 1.2ని 1.1తో రెండుసార్లు గుణిస్తే 1.45 వస్తుంది. అయిదో వంతు వేగం కోసం దాదాపు సగం ఎక్కువ కరెంటు, అంత వేడి. ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. వేడి బయటికి పోవాల్సింది వెనక మూత నుంచే. మే నెలలో వైజాగ్ ఉక్కపోత మనుషులకే ఎక్కువ బాధ. చెమట పట్టని ఫోన్‌కి గాలిలో తేమతో పని లేదు, దానికి గాలి వేడే లెక్క. అయినా తలుపులు మూసిన హాస్టల్ గదిలో, రబ్బరు కవర్ తొడిగి, చార్జింగ్‌లో పెట్టి ఆట ఆడితే ఏ ఊళ్లోనైనా ఒకటే ఫలితం. వేడి గీత దాటగానే కెర్నల్‌లోని థర్మల్ కాపలా వేగాన్ని తగ్గించేస్తుంది. కొందరు కెర్నల్ తయారీదారులు ఆ కాపలానే తీసేసేవారు. స్కోర్ పెరిగేది, బ్యాటరీ ఉబ్బేది. థర్మల్ తీసేశాం అని గొప్పగా రాసుకున్న కెర్నల్‌ని నేను ముట్టుకోను.

ఒకే మోడల్ రెండు ఫోన్లు ఒకేలా ఎందుకు తట్టుకోవు అనే ప్రశ్నకి జవాబు ఫ్యాక్టరీలో ఉంది. ఒకే సిలికాన్ పళ్లెంలోంచి కోసిన చిప్‌లు కూడా అన్నీ సమానంగా రావు. కొన్ని తక్కువ వోల్టేజీతోనే పరుగెడతాయి, కొన్నింటికి ఎక్కువ కావాలి. క్వాల్‌కామ్ తన చిప్‌లని ఈ లెక్కన తరగతులుగా విడదీసి, ఆ తరగతి నంబర్ చిప్‌లోనే రాసి పెట్టేది. స్నేహితుడి ఫోన్‌లో నిలిచిన వేగం మన ఫోన్‌లో నిలవకపోవడం అందుకే.

ఈ సంగతి అర్థమైన తర్వాత ఆట తిరగబడింది. వేగం పెంచడం మాని, ఉన్న వేగానికే వోల్టేజీ తగ్గించడం మొదలైంది. దాన్నే అండర్‌వోల్ట్ అన్నారు. గెలాక్సీ ఎస్2కి వచ్చిన సియా కెర్నల్, నెక్సస్ ఫోన్లకి వచ్చిన ఫ్రాంకో కెర్నల్, ఎలిమెంటల్‌ఎక్స్ లాంటివి పేరు తెచ్చుకున్నది ఒట్టి మెగాహెర్ట్జ్ మీద కాదు. బ్యాటరీ, సాఫీగా నడవడం, రంగులు, శబ్దం, ఇవన్నీ సొంతంగా సర్దుకునే వీలు ఇచ్చాయి. గవర్నర్ అనే మాట అప్పుడే అందరి నోటా పడింది. పని ఎంత ఉందో చూసి వేగం పెంచాలా దించాలా అని నిర్ణయించేది గవర్నర్. లినక్స్‌లో 2004 నుంచి ఉన్న ఆన్‌డిమాండ్, ఆండ్రాయిడ్ కోసం రాసిన ఇంటరాక్టివ్, 2016లో లినక్స్ 4.7తో వచ్చిన షెడ్‌యుటిల్, మధ్యలో అభిమానులు సొంతంగా రాసినవి డజన్ల కొద్దీ. చాలా ఫోన్లలో కనిపించిన లాగ్‌కి (ఆగి ఆగి నడవడానికి) అసలు కారణం పై వేగం చాలకపోవడం కాదు, వేలు తాకాక వేగం పైకి లేవడంలో ఆలస్యం. దాన్ని సరిచేసిన కెర్నల్ ఒక్క మెగాహెర్ట్జ్ కూడా పెంచకుండానే ఫోన్‌ని చురుగ్గా చేసింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇది నాకు ఇంకోలా అర్థమైంది. రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు కూలాయి. నా ఫోన్‌లో అండర్‌వోల్ట్ చేసిన కెర్నల్ ఉంది, వేగాన్ని అడుగుకి దించి పెట్టాను. నాలాంటివాళ్లు ఇది నాలుగు రోజులు వస్తుందిలే అనుకున్నారు. రాలేదు. సిగ్నల్ లేని చోట బ్యాటరీని తినేది టవర్ కోసం వెతుకుతూనే ఉండే మోడెం. దానికి సీపీయూ పట్టికతో సంబంధం లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పూటకోసారి తీసి చూసుకోమని మా నాన్న చెప్పాక గానీ బ్యాటరీ నిలవలేదు. కెర్నల్ చేయగలిగినదానికి హద్దు ఎక్కడుందో ఆ వారంలో తెలిసింది.

ఈ కథలో నన్ను ఇప్పటికీ కదిలించే భాగం మాత్రం సోర్స్. లినక్స్ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని ఫోన్‌లో పెట్టి అమ్మిన కంపెనీ, అడిగినవాళ్లకి ఆ సోర్స్ ఇచ్చి తీరాలి. కస్టమ్ కెర్నల్ ప్రపంచమంతా ఈ ఒక్క నియమం మీద నిలబడింది. 2012, 2013లో మన మార్కెట్ నిండా వచ్చిన చవక ఫోన్లలో చాలావాటిలో మీడియాటెక్ చిప్‌లు. వాటిలో ఎన్నింటికో సోర్స్ బయటికే రాలేదు, లేదా వచ్చింది కంపైల్ కాలేదు. ఫలితంగా ఆ ఫోన్లు కొన్న పిల్లలకి కెర్నల్ ఎంచుకునే ప్రశ్నే లేకుండా పోయింది. కొత్త ఆండ్రాయిడ్ కూడా అందలేదు. డబ్బులు పెట్టి ఖరీదైన ఫోన్ కొన్నవాడికి ఐదారు కెర్నల్‌లు, కష్టపడి చవకది కొన్నవాడికి ఒక్కటీ లేదు. ఇది అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే కెర్నల్ లోపం బయటపడినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపించింది. కంపెనీ వదిలేసిన పాత ఫోన్ అయినా సోర్స్ ఉంటే ఎవరో ఒకరు దాన్ని సరిచేసే ప్యాచ్ కలిపి కెర్నల్ ఇవ్వగలిగారు. సోర్స్ లేని ఫోన్‌కి ఆ దారి లేదు.

అదే 2016లో తలుపులు ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. ఫోన్ ఆన్ చేయగానే ముందు నడిచి కెర్నల్‌ని లేపే బూట్‌లోడర్‌కి షావోమి తాళం వేసి, తీయాలంటే అనుమతి, వేచి ఉండే గడువు పెట్టింది. యూపీఐ వచ్చింది. నోట్ల రద్దు తర్వాత డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. చేపల బజారులో కూడా ఫోన్‌తో డబ్బులిచ్చే రోజులు వచ్చాక, రూట్ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరుచుకోకపోతే టెన్షన్ మామూలుగా ఉండదు. రూట్‌ని దాచే మ్యాజిస్క్ కూడా ఆ ఏడే పుట్టింది. గూగుల్ ముందు సేఫ్టీనెట్‌తో, తర్వాత ప్లే ఇంటెగ్రిటీతో, ఫోన్ సిస్టమ్‌ని ఎవరైనా మార్చారా అని చూసే పరీక్షని గట్టి చేస్తూ వచ్చింది. రూట్ తీసేసినా బూట్‌లోడర్ తెరిచి ఉందన్న సంగతిని హార్డ్‌వేరే చెప్పేసే స్థితికి వచ్చాం.

మా తమ్ముడి ప్రశ్నకి అసలు జవాబు ఆ తర్వాత జరిగిన మార్పులో ఉంది. క్వాల్‌కామ్ చిప్‌లలో, 2018 నాటి స్నాప్‌డ్రాగన్ 845తో మొదలుపెట్టి, సీపీయూ వేగాల పట్టికని కెర్నల్ తన సోర్స్‌లోంచి తీసుకోవడం మానేసింది. చిప్‌లోని హార్డ్‌వేరే ఆ పట్టిక ఇస్తుంది, కెర్నల్ దాన్ని చదువుకుంటుంది. సోర్స్‌లో వరుస చేర్చి వేగం పెంచే పాత దారి అక్కడ మూసుకుపోయింది. వాడి ఫోన్ ఆ తర్వాతి తరం. ఆండ్రాయిడ్ 12 నుంచి, 5.10 కెర్నల్‌తో వచ్చే ఫోన్లకి గూగుల్ ఉమ్మడి కెర్నల్ ఒకటి తెచ్చి, కంపెనీల డ్రైవర్లని విడి మాడ్యూళ్లుగా పక్కకి పెట్టించింది. రూట్‌ని కెర్నల్ లోపలే పెట్టే కెర్నల్‌ఎస్‌యూ లాంటివి అలాంటి ఫోన్లలో తేలిగ్గా కుదురుతున్నాయి.

ఇదంతా విని వాడు, "అయితే కస్టమ్ కెర్నల్ వేస్ట్ అంటావా?" అన్నాడు. అననని చెప్పాను. ఎంచుకునే కొలత మార్చుకోమన్నాను. సోర్స్ బయట పెట్టారా, పెడితే చివరి మార్పు ఎప్పుడు చేశారు, ఆ ఫోన్ కోడ్‌నేమ్‌కీ ఇప్పుడున్న రోమ్‌కీ సరిపోతుందా, సెక్యూరిటీ ప్యాచ్‌లు కలుపుతున్నారా, థర్మల్‌ని ముట్టుకున్నారా అని ముందు చూడమన్నాను. కెర్నల్‌కి ఫోన్‌లో తెలియని రహస్యం ఉండదు. పాస్‌వర్డ్ కొట్టినా, ఓటీపీ వచ్చినా దాని చేతుల మీదుగానే వెళ్లాలి. సోర్స్ చూపించకుండా ఫైల్ మాత్రం ఇచ్చేవాడి చేతికి అంత అధికారం ఇవ్వకూడదు.

ఇద్దరం కూర్చుని వెతికితే వాడి మోడల్‌కి మూడు కెర్నల్‌లు దొరికాయి. ఒకదానికి సోర్స్ లేదు. ఇంకొకటి ఏడాదిన్నరగా కదల్లేదు. మూడోది నెల క్రితం దాకా ప్యాచ్‌లు కలుపుకుంటూ వచ్చింది, సీపీయూ వేగాలు కంపెనీవే. దాన్నే అనుకున్నాం. ఇప్పుడున్న కెర్నల్ ఉండే ఫైల్, అంటే బూట్ ఇమేజ్ ఒక కాపీ నా ల్యాప్‌టాప్‌లో తీసి పెట్టాను. బ్యాటరీ వెనక మూతని కొంచెం తోస్తున్నట్టు కనిపించింది, కాబట్టి ముందు అది మార్పించుకుని రమ్మన్నాను. కెర్నల్ వచ్చే ఆదివారం వేస్తాం.