వాయిదా కోరింది ఎవరు? కోర్టుల డేటాబేస్‌లో లేని గడి

కోర్టుల్లో ఆలస్యానికి న్యాయవాదులే కారణమా అన్న వాదన మళ్ళీ మొదలైంది. ఈ వాదనలో ఎప్పుడూ ముందుకొచ్చే అంకె ఒకటుంది. 2022 డిసెంబర్ 30న గుంటూరు జిల్లా కాజలో ఆంధ్రప్రదేశ్ జ్యుడీషియల్ అకాడమీని ప్రారంభించిన అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, న్యాయవాది అందుబాటులో లేక 63 లక్షలకు పైగా కేసులు, ఏదో ఒక రికార్డు కోసమో పత్రం కోసమో ఎదురుచూస్తూ 14 లక్షలకు పైగా కేసులు ఆలస్యమవుతున్నాయని దేశంలోని కోర్టుల కేసుల వివరాలను ఒకచోట చూపే జాతీయ న్యాయ డేటా గ్రిడ్‌ను ఉటంకిస్తూ చెప్పారు. అన్ని కోర్టుల నుంచి సమాచారం ఇంకా రావాల్సి ఉందని కూడా అదే వేదిక మీద అన్నారు. 63 లక్షలన్న అంకె ఊరూరా తిరిగింది. ఆ రెండో మాట మాత్రం అకాడమీ గేటు దాటలేదు.

ఆ అంకె తప్పని ఎవరూ నిరూపించలేదు. అసలు ప్రశ్న వేరు. అది దేనికి లెక్క? అది కేసుల లెక్క, వాయిదాల లెక్క కాదు. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే 2014–15 మధ్య జరిగినదాన్ని చూడాలి. కోర్టుల్లోకి కంప్యూటర్లు రావడం, 2005 నాటి జాతీయ విధానం, 2007లో ఈ-కోర్టులు అనే కంప్యూటరీకరణ పథకం తొలి దశ మొదలవడం చాలామందికి తెలిసిన సంగతులే.

2014 జూలైలో జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని లా కమిషన్ తన 245వ నివేదిక ఇచ్చింది. ఇంతియాజ్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్నకు అది జవాబు: దేశానికి ఇంకా ఎంతమంది జడ్జీలు కావాలి? లెక్కకు కూర్చున్న కమిషన్‌కు మొదట అడ్డొచ్చింది లెక్కలే. హైకోర్టులు పంపిన అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి కూడే వీలు లేదు. కొన్నిచోట్ల మధ్యంతర దరఖాస్తులను కూడా కేసులుగా లెక్కేశారు, కొన్నిచోట్ల లెక్కెయ్యలేదు. ట్రాఫిక్ చలాన్లను కొందరు కలిపారు, కొందరు విడిగా ఉంచారు. మన కోర్టుల భాషలో చెప్పాలంటే, ఒక ఓఎస్ (అసలు దావా), దాని కింద ఐదు ఐఏలు (మధ్యంతర దరఖాస్తులు) ఉంటే ఒక రాష్ట్రంలో అది ఒక కేసు, ఇంకో రాష్ట్రంలో ఆరు. ఇలాంటి అంకెలను కూడితే వచ్చే మొత్తానికి అర్థం ఉండదు.

డేటాబేస్ కట్టేవాళ్ళకు ఇది మొదటి పాఠం. టేబుల్‌లో ఒక వరుస దేనికి గుర్తో ముందు తేలాలి. అది తేలకుండా ఎన్ని సర్వర్లు కొన్నా దండగే. ఈ-కోర్టుల రెండో దశ ఆ పని చేసింది, బాగా చేసింది. ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీ పుణె కేంద్రం ఓపెన్ సోర్స్ పరికరాలతో తయారుచేసిన కేస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, వాడుకలో సీఐఎస్, దేశమంతటికీ ఒకే ‘నేషనల్ కోర్’ అయింది. ఒక్కో హైకోర్టుకు ఉండే ప్రత్యేక అవసరాలను ‘పెరిఫెరీ’ పేరుతో దాని చుట్టూ అమర్చుకోవచ్చు, కోర్‌ను మాత్రం ఎవరూ కదపకూడదు. ప్రతి కేసుకూ 16 అక్షరాంకెల సీఎన్‌ఆర్ నంబరు వచ్చింది: మొదట రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయాల కోడ్, తర్వాత ఆరంకెల వరుస సంఖ్య, చివర సంవత్సరం. ఏపీహెచ్‌సీ01తో మొదలైతే అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కేసు. ఓఎస్ 45 నంబరు ఏటా ప్రతి మున్సిఫ్ కోర్టులోనూ ఒకటి ఉంటుంది. సీఎన్‌ఆర్ మాత్రం దేశంలో ఒక్కటే. ఐఏలు ప్రధాన కేసు కిందికి చేరాయి. 2015 సెప్టెంబర్ 19న డేటా గ్రిడ్ ప్రజలందరికీ తెరుచుకుంది. కక్షిదారు తన కేసు ఏ స్థితిలో ఉందో గుమస్తాను బతిమాలకుండా ఫోన్‌లోనే చూసుకోగలిగాడు. ఈ మార్పు విలువను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు అంతకు ముందు రోజుల్లో వాయిదా తేదీ కోసం కోర్టు వరండాలో నిలబడి ఉండరు.

కానీ నా దృష్టిలో నేటి తగాదాకు బీజం కూడా ఆ ఏడాదే పడింది. ‘కేసు’ అంటే ఏమిటో అంత జాగ్రత్తగా తేల్చినవాళ్ళు ‘వాయిదా’ అంటే ఏమిటో తేల్చలేదు.

ఏ కేసు చరిత్ర అయినా ఈ-కోర్టుల సైట్‌లో తెరిచి చూడండి. నాలుగు నిలువు గడులు కనిపిస్తాయి: న్యాయమూర్తి, ఆ రోజు జరిగిన పని, విచారణ తేదీ, ఏ దశ కోసం విచారణ. ప్రతి విచారణకూ ఒక వరుస ఉంది, అంతవరకు సరే. వాయిదా ఎవరు అడిగారు, ఏ పక్షం వారు, ఏ కారణంతో అన్నదానికి వీటిలో విడి గడి లేదు. ఆలస్యానికి కారణం గ్రిడ్‌లో ఇంకోచోట ఉంటుంది, అదీ కేసుల వారీ లెక్కగా. మొత్తం కేసులను కారణాల వారీగా పంచి చూపిస్తారు.

దీని పర్యవసానం న్యాయవాదులు ఎన్నోసార్లు చెప్పారు, కానీ అది అంకె రూపంలో లేదు కాబట్టి వినిపించలేదు. ఉదాహరణకు ఒక భాగపంపకాల దావా తీసుకోండి. మొదటి వాయిదాకు ప్రతివాదికి సమన్లు అందలేదు. రెండోదానికి జడ్జిగారు సెలవు. మూడోదానికి సాక్షి రాలేదు. నాలుగోదానికి ప్రతివాది న్యాయవాది టైమ్ అడిగారు. ఐదోదానికి వేళ చాల్లేదు, కేసు పిలవనేలేదు. ఆరోదానికి జడ్జిగారు బదిలీ అయ్యారు, ఇన్‌ఛార్జి కోర్టు తేదీ మార్చింది. ప్రతి వాయిదాకూ కోర్టులో ఏం జరిగిందో రాసే డాకెట్ షీట్ తిరగేస్తే ఈ ఆరూ ఆరు కథలు. గ్రిడ్‌లో కేసు మీద ‘న్యాయవాది అందుబాటులో లేరు’ అని పడితే మిగతా ఐదింటి మాట ఎవరికీ తెలియదు. పైగా ఆ మాటలో ఏ న్యాయవాది అన్నదీ లేదు. వాదిదా, ప్రతివాదిదా, ప్రభుత్వ ప్లీడరా, ఖాళీగా ఉన్న పోస్టులో నియమించాల్సిన పబ్లిక్ ప్రాసిక్యూటరా? ప్రభుత్వం తన ప్లీడర్‌ను పంపకపోయినా ఆ నింద పడేది న్యాయవాద వృత్తి మీదే.

గ్రిడ్‌లోని ఈ ఆలస్య కారణం గడిని ఎవరు నింపుతారన్నది కూడా చూడాలి. కట్టలు మోస్తూ, డాకెట్ రాస్తూ, మరుసటి రోజు పిలిచే కేసుల జాబితా, అంటే కాజ్ లిస్ట్, తయారుచేస్తూ సాయంత్రానికి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాల్సిన కోర్టు సిబ్బంది. డ్రాప్‌డౌన్‌లో ‘కోర్టుకు వేళ లేదు’ అని ఎంచుకోవడం ఆ కుర్చీలో ఉన్నవారికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. వాళ్ళ నిజాయితీని నేను శంకించడం లేదు. ఒక వ్యవస్థ తన మీద తాను ఫిర్యాదు రాసుకోవడాన్ని కింది ఉద్యోగి మీద పెట్టకూడదని అంటున్నాను.

మరి వాయిదా ఎవరు, ఎందుకు కోరారో చెప్పే గడి కావాలని ముందే తెలిసే అవకాశం ఉందా? ఉంది, అదీ చట్టంలోనే. 1999లో సవరించి 2002 జూలై 1 నుంచి అమలుచేసిన సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ ప్రకారం, దావా విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు. వాయిదా ఇస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. న్యాయవాదికి వేరే కోర్టులో పని ఉందన్నది కారణం కాదు. ఈ మాటలను డేటాబేస్ భాషలోకి మారిస్తే విచారణ టేబుల్‌కూ పక్షాల టేబుల్‌కూ మధ్య ఇంకో టేబుల్ కావాలి: ఈ విచారణలో, ఈ పక్షం, ఈ కారణంతో, వాయిదా కోరింది. అది ఉంటే ‘ఈ ప్రతివాదికి ఇది ఎన్నో వాయిదా’ అన్నది డేటాబేస్‌ను అడిగే ఒక్క క్వెరీతో వస్తుంది. అది లేకపోతే మూడు వాయిదాల నియమాన్ని డాకెట్ షీట్లు తిరగేసి లెక్కపెట్టుకోవాలి. 2005 ఆగస్టు 2 నాటి సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని సమర్థించింది, పక్షం చేతిలో లేని అసాధారణ పరిస్థితులకు వెసులుబాటు ఇచ్చింది. కేసులను రకాలుగా విడదీసి గడువులతో నడిపే నమూనా నియమాలను రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసి ఆ తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ. అంటే సీఐఎస్ కోర్ రూపుదిద్దుకునే నాటికి ఆ టేబుల్‌కు కావాల్సిన నిర్వచనం పదేళ్ళుగా చట్టంలో సిద్ధంగా ఉంది.

సుప్రీంకోర్టులో ఇంకో రకం లెక్క సాధ్యమైందని కూడా గుర్తుచేయాలి. 2023 నవంబర్‌లో అదే ప్రధాన న్యాయమూర్తి, అంతకు ముందు రెండు నెలల్లో న్యాయవాదులు వాయిదా కోరుతూ 3,688 స్లిప్పులు ఇచ్చారని చెప్పారు. అది గట్టి లెక్క. ఎందుకంటే స్లిప్పు ఇచ్చిన ప్రతిసారీ ఒక నమోదు ఉంది, ఇచ్చినవారి పేరు ఉంది. ఆ విమర్శకు న్యాయవాదులు జవాబు చెప్పుకోవాల్సిందే. కాజలో చెప్పిన 63 లక్షలకు అలాంటి పునాది లేదు.

న్యాయమూర్తుల వాదన కూడా ఉంది. రోజుకు అన్నేసి కేసులు పిలిచే కోర్టులో ప్రతి వాయిదాకూ ఇంకో గడి నింపమంటే విచారణకు ఉన్న కాస్త సమయమూ పోతుందని అంటారు. ఇబ్బంది నిజమే.

2024 జూలై 1 నుంచి ఈ తగాదా ఇంకా పదునెక్కింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 346వ సెక్షన్ క్రిమినల్ కేసుల్లోనూ పరిమితి పెట్టింది: పరిస్థితి పక్షం చేతిలో లేనప్పుడు కూడా, ఎదుటిపక్షం అభ్యంతరాలు విని, కారణాలు రాసి, రెండుకు మించకుండా వాయిదాలు ఇవ్వాలి. ఇప్పుడు ఏ మేజిస్ట్రేట్ కోర్టులోనైనా ‘ఇది మీ మూడో వాయిదా’ అన్న మాట వస్తే, ముద్దాయి స్వేచ్ఛ దాని మీద ఆధారపడవచ్చు. ఆ మూడింటిలో ఒకటి జడ్జిగారి సెలవు రోజు అయితే అది ఎవరి ఖాతాలో పడాలి?

2023 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఈ-కోర్టుల మూడో దశకు నాలుగేళ్ళ కాలానికి 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో కేసు రికార్డులను స్కాన్ చేసి డిజిటల్ రూపంలో భద్రపరచడానికి 2,038.40 కోట్లు, కృత్రిమ మేధ వంటి కొత్త సాంకేతికతలకు 53.57 కోట్లు, సాఫ్ట్‌వేర్ అభివృద్ధికి 243.52 కోట్లు. ‘వాయిదా కోరిన పక్షం’ అన్న టేబుల్ వస్తే ఈ చివరి పద్దులోంచే రావాలి. అది నేషనల్ కోర్‌లోకి రావాలి తప్ప ఒక్కో హైకోర్టు పెరిఫెరీలో వేరువేరుగా రాకూడదు. అలా వేరువేరుగా వస్తే లా కమిషన్ 2014లో చూసిన కూడలేని అంకెలే మళ్ళీ చేతికొస్తాయి.